పచ్చరంగు మీద ఆగిన ముల్లు

విల్లియనూరు దాటాక, ఎర్రమట్టి నేలలో, ఒకప్పుడు ఈ తీరమంతా ఉండిన అడవిని మళ్లీ పెంచుతున్న చిన్న సంస్థ ఒకటుంది. నేను అక్కడ వాతావరణం నమోదు చేసే పనిలో ఉన్నాను. రోజూ సముద్రం పక్కన టౌన్‌లోని ఇందిరా నగర్ నుంచి స్కూటర్ మీద పోయి, మధ్యాహ్నం వేళకు, గాలి ఆడేలా పక్కలకు చెక్క రెక్కలు బిగించిన తెల్లపెట్టె తలుపు తీస్తాను. లోపల రెండు థర్మామీటర్లుంటాయి. ఒకటి మామూలుది. రెండోదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది, గుడ్డ కొస కింద నీళ్లసీసాలో మునిగి ఉంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే గుడ్డ తడి అంత తొందరగా ఆరి, రెండో అంకె అంత కిందికి దిగుతుంది. ఆ తేడానూ గాలివేగాన్నీ పట్టికలో చూసి, గేటు దగ్గర నిప్పు ప్రమాదం ఎంతో చూపే బోర్డు మీద ముల్లు తిప్పాలి. ఎరుపైతే అడవిలోకి ఎవరూ పోకూడదు. పచ్చైతే చుట్టుపక్కల ఆడవాళ్లు పుల్లలు ఏరుకోవచ్చు.

ఆ ఎండాకాలం మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. చుక్కల మందు వెయ్యడానికి నేను తప్ప ఎవరూ లేరు. రెండు వారాలు సెలవు పెట్టి, అడవి కాపలా చూసే పెద్దాయనకు పని అప్పజెప్పాను.

"రోజూ ఆ రెండు అంకెలూ ఫోన్‌లో చెప్పు మామా. సీసాలో నీళ్లు తగ్గితే పొయ్యి."

"అదేమన్నా పెద్ద పనా పాపా? నువ్వు అమ్మను చూసుకో."

ఒక్కరోజు కూడా తప్పకుండా ఫోన్ చేశాడు. రెండు అంకెల మధ్య తేడా రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది. చివరికి ఒక్క డిగ్రీ మిగిలింది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం అంత తేమా అని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. టౌన్‌లో సముద్రపు గాలికి ఒళ్లంతా జిగటగా ఉంది. అమ్మ మంచం మీదినుంచి "ఏందే ఈ ఉక్క!" అంటూనే ఉంది. నా వీపు మీది చెమటనే నేను నమ్మాను. పడమటి నుంచి వేడిగాలి వీచే ఆ ఎర్రనేల మీదికి సముద్రపు గాలి ఏ సాయంత్రానికో గానీ చేరదని నాకు తెలుసు. తెలిసీ, "తేమ బాగా ఉండాది మామా, పచ్చలోనే పెట్టు" అన్నాను.

మర్నాడు నేను అన్నం వడ్డిస్తుండగా ఫోన్ మోగింది.

"పాపా, నిప్పు! పడమటి కంచె కాడ!"

"లోపల ఎవురన్నా ఉండారా?"

"ముగ్గురు ఆడోళ్లు పోయినారు పాపా. పచ్చ కదా."

ఎలా పోయానో గుర్తులేదు. నేను చేరేసరికి ఫైరింజన్ వచ్చి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు గేటు దగ్గర కూర్చుని దగ్గుతున్నారు. మూడో ఆమెను నలుగురు చేతుల మీద మోసుకొస్తున్నారు. ఆమె రబ్బరు చెప్పులు కరిగి అరికాళ్లకు అంటుకుపోయాయి. ఆమెను నేను ఎరుగుదును. ఈ తమిళ ఊళ్లలో మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం. నన్ను చూడగానే తప్పు చేసినట్టు తల దించుకుంది.

"బోర్డు పచ్చగా ఉంటేనే పోతిమి చెల్లీ. నిజంగా, చూసుకునే పోతిమి."

ఆమెను బండిలో ఎక్కించి ఆస్పత్రికి పంపాక పెట్టె దగ్గరికి నడిచాను. తలుపు తీసి గుడ్డను ముట్టుకున్నాను. తడి లేదు. సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుపోయి, పుల్లలా బిగుసుకుపోయి ఉంది. సీసా మాత్రం నిండుగా ఉంది.

"దినామూ పోసినా పాపా," అన్నాడు పెద్దాయన నా వెనక నిలబడి. "బోరు నీళ్లే, మంచివే."

బోరు నీళ్లలోని ఉప్పు గుడ్డలో పేరుకుని తడిని పైకి పోనివ్వలేదు. తడి అందక రెండో థర్మామీటర్ కూడా మామూలుదానిలాగే చూపిస్తూ వచ్చింది. నేనెప్పుడూ బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లు డబ్బాలో తెచ్చి పోసేదాన్ని. ఎందుకు తెస్తానో ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు. కొత్త గుడ్డ చుట్టి, నీళ్లు మార్చి, కాసేపు ఆగి చూశాను. రెండో అంకె జారి జారి మొదటిదానికన్నా పదమూడు డిగ్రీలు తక్కువలో ఆగింది. ముల్లు ఉండాల్సింది ఎరుపు చిట్టచివర.

పక్క పొలంలో ఎవరో కోత తర్వాత మిగిలిన మొదళ్లు కాలిస్తే గాలికి నిప్పు కంచె దాటిందని తర్వాత తేలింది. సంస్థ మీటింగ్‌లో నేను లేచి గుడ్డ సంగతి అంతా చెప్పాను. పని పోతుందనే అనుకున్నాను. పోలేదు. మా సంస్థ నడిపేవాళ్లలో ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నిప్పు పెట్టింది మనం కాదు కదమ్మా. ఈ మాట బయట అనొద్దు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. కాలిన అరికాళ్లను చూసిన రోజుకన్నా ఆ తలలు చూసినప్పుడే నాకు ఎక్కువ దిమ్మతిరిగింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె ఇంటికి పోయాను. కట్లతో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఊళ్లో అందరూ ఆమెనే అంటున్నారట. పుల్లల ఆశకు పోయి కాళ్లు కాల్చుకుందని, ఆ ఆడవాళ్లే లోపల టీ కాచుకుని నిప్పంటించారని. మొగుడు సరిగా మాట్లాడటం లేదట.

నేను థర్మామీటర్ గురించి చెప్పాను, గుడ్డ గురించి, నీళ్ల గురించి చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. చివర్న, "ఆ పొద్దు ఎరుపు పెట్టాల్సింది అక్కా. నేను పచ్చ పెట్టమంటిని" అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆమె గోడను వదిలి నా వైపు వంగింది.

"అయితే మేము పోయింది తప్పు కాదా?"

"కాదక్కా. తప్పు నాది."

ఆమె లోపలి గది వైపు తిరిగి, గొంతు పగిలేలా అరిచింది. "ఏమయ్యా, యాడుండావ్? ఇట్రా, వచ్చి ఈ పిల్ల చెప్పేది ఇను!"

ఆమె మొగుడు వచ్చి గడపలో నిలబడ్డాడు. నేను మళ్లీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.