ఉమామహేశ్వర అడిగిన సభ

ఉమామహేశ్వరకు తొమ్మిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చింది. ఎమ్మిగనూరులో వాళ్లది మగ్గం ఇల్లు. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి తిరిగొచ్చిన పిల్లవాడు, మగ్గం గుంటలో కూర్చున్న తండ్రి పక్కన నిలబడి, "నాయనా, మగ్గం ఎందుకు ఆపినావు?" అని అడిగాడు. తండ్రి లింగన్న మగ్గం ఆపలేదు. ఆయన చేతులూ కాళ్లూ ఆడుతూనే ఉన్నాయి. ఆ ప్రశ్న విన్నాకే ఇంట్లోవాళ్లకు సంగతి తెలిసింది.

మాట పోలేదు. కానీ తన మాట తనకు వినబడక, గొంతు రానురాను అదుపు తప్పింది. ఒకచోట మరీ గట్టిగా, ఒకచోట కీచుగా వచ్చేది. కొత్తవాళ్లు ఆ గొంతు విని ముందు ఉలిక్కిపడతారు, తర్వాత నవ్వు ఆపుకుంటారు. అది గమనించి అతను మాటలు తగ్గించుకున్నాడు. పెదవులు చూసి మాట పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఎదుటి మనిషి ముఖం తనవైపు ఉండాలి, ఆ ముఖం మీద వెలుతురు ఉండాలి. ఈ రెండూ ఉంటే నూటికి డెబ్బై మాటలు అందేవి. మిగతా ముప్పై ఊహించుకునేవాడు.

పదహారేళ్లకు కర్నూలులో దేవేంద్రప్ప అనే ఫొటోగ్రాఫర్ దగ్గర పనికి చేరాడు. దేవేంద్రప్ప రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడే మనిషి కాదు. "ఈ పనికి కండ్లు ఉంటే సాలు" అని పిల్లవాణ్ని చీకటి గదిలోకి తీసుకుపోయాడు. నెగటివ్‌లు కడగడం, పెన్సిలుతో ముఖాల మీది మచ్చలు సరిదిద్దడం, పెళ్లి మంటపంలో ఎక్కడ నిలబడితే ఎవరికీ అడ్డం రాకుండా ఉంటుందో చూసుకోవడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. పదేళ్ల తర్వాత కల్లూరులో సొంత స్టూడియో పెట్టాడు. పద్మశ్రీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఏడాది తిరగకముందే కెమెరా పట్టింది. ముస్లిముల ఇళ్లలో పెళ్లిళ్లకు ఆడవాళ్ల వైపు ఫొటోలు తీయడానికి ఆమెనే పిలిచేవాళ్లు. స్టూడియో పనిలో సగానికి పైగా ఆమెదే. బోర్డు మీద మాత్రం ఒక్క పేరే ఉండేది.

రెండువేల మూడు వచ్చేసరికి రీళ్ల రోజులు చివరికొచ్చాయి. పెళ్లివాళ్లు "డిజిటలేనా?" అని అడిగి, కాదంటే వెనక్కి తిరిగి పోయేవాళ్లు. అప్పుడే సీమ ఫొటోగ్రాఫర్ల సంఘం నుంచి ఆహ్వానం వచ్చింది. కడపలో రెండువేల నాలుగు మార్చిలో ఒకరోజు సదస్సు. హైదరాబాదు నుంచి నిపుణుడొచ్చి డిజిటల్ కెమెరా సంగతులన్నీ చెబుతాడని రాశారు. ఉమామహేశ్వర అప్పటికే ఒక కొత్త కెమెరా కొని బీరువాలో పెట్టుకున్నాడు. తీసి చూడటం, మళ్లీ పెట్టడం తప్ప దానితో ఏమీ చేసి ఎరుగడు. భార్యాభర్తలిద్దరూ తెల్లవారుజామున బస్సెక్కి కడపకు పోయారు.

కల్యాణమండపం గుమ్మం దగ్గర సంఘం కార్యదర్శి రాఘవేంద్రప్రసాద్ బ్యాడ్జీలు ఇస్తున్నాడు. కడపలో బట్టల వ్యాపారం చేసే కుటుంబం ఆయనది. ఆయన మాత్రం కలర్ ల్యాబు పెట్టాడు. మంచివాడని పేరు.

"ఆయనకు వినపడదన్నా. నేను పక్కన కూర్చోని చెప్తా" అంది పద్మశ్రీ.

"లోపలికి మెంబర్లే పోవల్లమ్మా. ఆడోళ్లకు వేరే ఏర్పాటు ఏమీ చెయ్యలేదు. ఈడ వరండాలో కూర్చో, అన్నం పంపిస్తాం."

"నేను గూడా ఫొటోలు తీస్తాన్నా."

ఆయన నవ్వి, బ్యాడ్జీ ఉమామహేశ్వర చొక్కాకు పెట్టి లోపలికి పంపాడు.

ఉమామహేశ్వర మూడో వరుసలో కూర్చున్నాడు. వక్త వేదిక ఎక్కి నమస్కారం పెట్టినంతవరకు బాగానే ఉంది. మరుక్షణం తెర మీద బొమ్మలు కనబడటానికి హాల్లో దీపాలన్నీ ఆర్పేశారు. వక్త తెర పక్కన నల్లటి నీడై పోయాడు. తెర మీది అక్షరాలన్నీ ఇంగ్లీషు. చుట్టుపక్కలవాళ్లు ఏదో రాసుకుంటున్నారు. అతను ఆ చీకట్లో అరగంట సేపు కళ్లు చికిలించుకుని కూర్చున్నాడు. చివరికి లేచి నిలబడి, "లైటు ఏయండి సార్, మొగం కనపడల్లేదు" అన్నాడు.

గొంతు ఎలా వచ్చిందో అతనికి తెలియదు. తెర వెలుతురులో ముందు వరుసల భుజాలు నవ్వుతో కదులుతుండటం మాత్రం కనిపించింది. రాఘవేంద్రప్రసాద్ గబగబా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. ఏదో చెప్పాడు. చీకట్లో ఆ పెదవులు కూడా కనబడలేదు.

సాయంత్రం బయటికొచ్చేసరికి పద్మశ్రీ వరండాలో గోడకు ఆనుకుని ఉంది. తలుపు సందులోంచి వినబడినంత సేపు విని, ఆహ్వానపత్రం వెనక రాసిపెట్టింది. నాలుగు వాక్యాలున్నాయి. చివరిది "కార్డులో ఫొటోలు తుడిపే ముందు" అన్నచోట ఆగిపోయింది.

"ఆడికి రాసేసరికి తలుపు గట్టిగ ఏసేసినారు" అంది.

రాత్రి బస్సుకు కల్లూరు తిరిగొచ్చారు.

తర్వాత అతను కొత్త కెమెరా తనంతట తానే నేర్చుకున్నాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. తెలిసిన మాస్టరు దగ్గర కొంత చదివించుకున్నాడు, కొంత నొక్కి చూసి తెలుసుకున్నాడు. ఎనిమిది నెలలు ఏ పొరపాటూ లేకుండా గడిచాయి.

రెండువేల ఐదు ఫిబ్రవరిలో కల్లూరు దగ్గర ఒక పల్లెలో అయ్యన్న అనే రైతు కూతురి పెళ్లికి పోయాడు. అయ్యన్న తల్లి ఎనభై దాటిన మనిషి. పుట్టి బుద్ధెరిగి ఫొటో దిగలేదట. మనవరాలి పక్కన కూర్చోమంటే సిగ్గుపడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉమామహేశ్వర ఓపిగ్గా నిలబడి, ఆమె చెయ్యి దించి నవ్వినప్పుడు తీశాడు. మంచి ఫొటో. కెమెరా వెనక చిన్న అద్దంలో ఆమెకే చూపిస్తే, వేలితో ముట్టుకుని చూసుకుంది.

మర్నాడు ల్యాబులో ఫొటోలు ఎక్కించడానికి కెమెరాలోని కార్డు తీసి కంప్యూటరుకు పెట్టారు. అంతా ఎక్కిందనుకుని అతను కార్డు తీసుకున్నాడు. సగంలోనే ఆగిపోయిందని ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం ఇంకో పెళ్లికి అదే కార్డు తుడిపి వాడాడు.

పెళ్లయిన పన్నెండో రోజున అయ్యన్న స్టూడియోకు వచ్చాడు. తలకు టవలు చుట్టుకుని ఉన్నాడు. ముందు రోజు తల్లి పోయింది. దినాలకు పటం కట్టించాలి, ఆ ఫొటో ఇమ్మని అడిగాడు.

ఉమామహేశ్వర ల్యాబుకు పరుగెత్తాడు. తాళి కట్టేదాకా ఫొటోలు ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. తిరిగొచ్చి అయ్యన్న ఎదుట నిలబడి, దాచకుండా చెప్పాడు.

అయ్యన్న అరవలేదు. "ఒక్కటన్నా లేదాప్పా?" అన్నాడు. ఆ పెదవుల మీది మాట ఉమామహేశ్వరకు స్పష్టంగా అందింది. ఊహించుకోవలసినది ఏమీ లేదు. కాసేపు బెంచీ మీద కూర్చుని, అయ్యన్న లేచి పోయాడు.

వారం తర్వాత నంద్యాల నుంచి వచ్చిన తోటి ఫొటోగ్రాఫర్ ఒకడు ఈ సంగతి విని ఆశ్చర్యపోయాడు. "కడపలో అరగంట చెప్పినారు గదప్పా! కంప్యూటర్లో ఫొటోలు తెరిచి చూడందే కార్డు తుడపగూడదు. పొరపాటున తుడిపినా దాంట్లో మళ్లీ ఏమీ తియ్యకుంటే, వెనక్కి తెప్పించుకోవచ్చు అని."

ఆ రోజు ఉమామహేశ్వర అన్నం తినలేదు. మర్నాడు రాఘవేంద్రప్రసాద్‌కు ఉత్తరం రాశాడు. నిష్ఠూరాలు రాయలేదు. పెళ్లి సంగతి, ముసలామె సంగతి, కార్డు సంగతి రాసి, చివర ఇలా ముగించాడు: "ఆ అరగంట నేను మీ హాల్లోనే కూర్చొని ఉంటిని. నా భార్య తలుపు బయట ఉండె. మాలో ఒక్కరికి అంది ఉన్నా ఆ పటం ఈ రోజు ఆ ఇంట్లో ఉండేది."

జవాబు రాలేదు. నెల తర్వాత మనిషే వచ్చాడు. స్టూడియోలో కూర్చుని, గోడమీది ఫొటోలు చూస్తూ మాట్లాడసాగాడు.

"ఆయన్ని సూసి మాట్లాడన్నా" అంది పద్మశ్రీ.

రాఘవేంద్రప్రసాద్ తిరిగాడు. "ఆ పొద్దు నవ్వినోళ్లల్లో నేను గూడా ఉన్నానప్పా. నిన్ను కూర్చోబెట్టి సాయం చేసినా అనుకున్యా. ఈసారి సభ కర్నూల్లో పెడతాండాం. నువ్వు కమిటీలో ఉండు. ఏం చెయ్యల్లో నువ్వే చెప్పు."

కమిటీ కూర్చున్నప్పుడు మాట తేలిగ్గా సాగలేదు. దీపాలు ఆర్పకుంటే బొమ్మలు సరిగా కనబడవన్నాడు ఒకాయన. ఆడవాళ్లను మెంబర్లుగా చేర్చుకోమంటే, అసలు ఫొటోలు తీసే ఆడవాళ్లు ఎందరున్నారని అడిగాడు ఇంకొకాయన. "వినపడనోడు ఒక్కడికోసం ఇంత తిప్పలా?" అన్న మాట కూడా వచ్చింది. అన్నవాడు తల వంచుకుని అన్నాడు గానీ, పక్కనే కూర్చున్న పద్మశ్రీ దాన్ని అక్షరం పోకుండా భర్తకు చెప్పింది.

ఉమామహేశ్వర లేచాడు. గొంతు గురించి ఈసారి ఆలోచించలేదు. "ఒక్కడే అని మీకెట్ల తెలుసు? రాలేనోళ్లు మీ లెక్కలోకి రారు గద" అన్నాడు.

రెండువేల ఆరు జనవరిలో కర్నూలులో సభ జరిగింది. వక్త ముఖం మీద దీపం పెట్టారు. వెనక వరుసల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. తెరను పక్కకు జరిపి, రెండో తెర ఒకటి కట్టారు. ప్రెస్సులో డీటీపీ పని చేసే నాగశ్రీ అనే అమ్మాయి వక్త చెప్పేదంతా తెలుగులో టైపు చేస్తుంటే అక్షరాలు ఆ తెర మీద వచ్చేవి. తప్పులు పడ్డాయి. కొన్ని మాటలు ఎగిరిపోయాయి. అయినా ఉమామహేశ్వరే కాదు, ఇంగ్లీషు మాటలు తెలియని ఆలూరు, పత్తికొండ వాళ్లందరూ ఆ తెరనే చూస్తూ రాసుకున్నారు. పద్మశ్రీతో పాటు పదకొండు మంది ఆడవాళ్లు పేర్లు నమోదు చేయించుకున్నారు. వాళ్లలో ఇద్దరు చంకన పిల్లలతో వచ్చారు. ఎక్కడెక్కడి ఊళ్లలోనో ఇన్నాళ్లూ భర్తల పేర్లమీద ఫొటోలు తీసినవాళ్లే అందరూ.

మధ్యాహ్నం భోజనాల వేళ ఉమామహేశ్వర గాలికోసం బయటికి వచ్చాడు. ఆవరణలో గేటు పక్కన ఎండలో చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఎవరో తెచ్చిచ్చిన సభ కాగితాలు. మెడలో కెమెరా. కాళ్లు సన్నగా మడతపడి ఉన్నాయి.

"ఎప్పుడొచ్చినావప్పా?"

"పొద్దున తొమ్మిదికి" అన్నాడతను. పేరు ఏసురాజు. ఆదోనిలో ఆఫీసుల ముందు పాసుపోర్టు ఫొటోలు తీస్తాడు. "ఈసారి ఎవురైనా రావచ్చు అని రాసినారు గద. వచ్చినా. మెట్లు తొమ్మిది ఉండాయి."

ఉమామహేశ్వర వెనక్కి తిరిగి హాలు వైపు చూశాడు. ఆ హాలును ఎంపిక చేసింది తనే. వెలుతురు బాగా వస్తుందని, స్తంభాలు అడ్డం లేవని నాలుగు హాళ్లు తిరిగి ఎంచుకున్నాడు. ఆ మెట్లు రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగాడో. ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు.

అప్పటికి నలుగురు బయటికొచ్చారు. ఎత్తుకుపోదామని ముందుకొచ్చారు.

"వద్దప్పా" అన్నాడు ఏసురాజు. "ఎత్తితే మీకు బరువు గాను, నాకు తెలుసు. పెండ్లిండ్లకాడ, బస్సులకాడ జనాలు ఎత్తుకుంటానే ఉంటారు. ఈడ నేను పని తెలిసినోని లెక్కన వచ్చినా. అందరూ సూస్తాండంగ సామాను లెక్క లోపలికి రాలేను."

ఉమామహేశ్వరకు ఆ మాటలన్నీ అందాయి. అతని చేయి పట్టుకుని, "నేను మరిసిపోయినా" అన్నాడు. "నేనే మరిసిపోయినా."

సాయంత్రం ఆఖరి ప్రసంగం ఉమామహేశ్వరదే. కార్డుల జాగ్రత్త గురించి. అతను పోయి రాఘవేంద్రప్రసాద్‌తో మాట్లాడాడు. ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తుకుని కిందికి రావాలని ప్రకటించారు. కొందరు గొణిగారు. కొందరు అప్పుడే బస్సు వేళయిందని వెళ్లిపోయారు. కంప్యూటరు తీగ అంత దూరం రాదని తేలాక, ఒక స్కూలు నుంచి నల్లబల్ల తెప్పించారు. నాగశ్రీ సుద్దముక్కతో రాసింది. ఎండ ఇంకా తగ్గలేదు. నూట ఇరవై మందిదాకా ఆవరణలో కూర్చున్నారు. ఏసురాజు బండి ముందు వరుసలో ఉంది.

ఉమామహేశ్వర అయ్యన్న తల్లి గురించి చెప్పాడు. ఆమె చెంగు అడ్డం పెట్టుకోవడం, వేలితో ఫొటో ముట్టుకోవడం చెప్పాడు. పేరు చెప్పలేదు. తన గొంతు ఎక్కడ కీచుపోతుందో ముందున్నవాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది అతనికి. ఆ రోజు ముఖాల్లో నవ్వు లేదు. చివర కార్డు ఎలా తుడపాలో, ఎప్పుడు తుడపకూడదో ఒక్కొక్కటే చెప్పి, రాసుకునేదాకా ఆగి, మళ్లీ చెప్పాడు.

సభ ముగిశాక అయ్యన్న ఊరికి పోయి ఆయన తల్లి గురించి సభలో చెప్పిన సంగతి ఆయనతో చెప్పి వచ్చాడు. అయ్యన్న విన్నాడు. మంచినీళ్లు ఇచ్చాడు. ఇంట్లో తల్లి పటం ఉండవలసిన గోడ ఖాళీగానే ఉంది.

మరుసటి ఏడు సభ అనంతపురంలో. అచ్చు ఆహ్వానం ఇంటికి రెండు వచ్చాయి, ఒకటి అతనికి, ఒకటి పద్మశ్రీకి. ప్రసంగాలు తెర మీద తెలుగులో కూడా చూపిస్తామని కింద వేశారు. తన మాటకు చోటు దొరికిందని అతనికి తృప్తి కలిగింది. కానీ ఆ సాయంత్రమే పోస్టుకార్డు తీసుకుని రాశాడు: "నాకు కావలసినది వేసినారు, సంతోషం. ఆదోని ఏసురాజు గారు వస్తారు. మీ హాలుకు మెట్లు ఎన్ని?"

పది రోజులకు జవాబు వచ్చింది. "పద్నాలుగు. వేరే హాలు చూస్తున్నాము. మీరు ఒకసారి వచ్చి చూసి చెబితే బాగుంటుంది."

ఉమామహేశ్వర ఆ ఉత్తరం పట్టుకుని ఆదోని బస్సెక్కాడు. చూసి చెప్పవలసింది తను కాదని, ఏసురాజును వెంటబెట్టుకునే అనంతపురం పోవాలని అనుకున్నాడు.