బంగారు పొర పట్టిచ్చిన మందు

2004లో నన్ను విజయవాడలో ఎగుమతి రొయ్యల్ని పరీక్షించే ప్రయోగశాలకు సీనియర్ ఎనలిస్టుగా వేశారు. అప్పుడే అక్కడికి ఆప్టికల్ బయోసెన్సర్ వచ్చింది. అందులో గాజు మీద పల్చటి బంగారు పొర ఉంటుంది. గాజు వైపు నుంచి కాంతి వేస్తే, ఒక్క కోణంలో మాత్రం తిరిగొచ్చే కాంతి బాగా మసకబారుతుంది. పొరకు ఏదైనా అంటుకుంటే ఆ కోణం జరుగుతుంది. దీన్ని సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్ అంటారు. నిషేధించిన యాంటీబయాటిక్‌ను పొరకు ముందే అతికిస్తాం. దాన్ని పట్టే యాంటీబాడీలను రొయ్య రసంలో కలిపి పొర మీదుగా పంపుతాం. రసంలోనే మందుంటే అవి అక్కడే చిక్కుకుంటాయి, కోణం జరగవలసినంత జరగదు.

బందరు వైపు రొయ్యల రైతు వెంకటేశ్వరరావు గారి సరుకులో అదే జరిగింది. మరో పద్ధతిలో చూసినా మందున్నట్టే తేలింది. ఇక ఆయన రొయ్య ఎవరూ కొనరు. "నా పిల్లల మీద ఒట్టండీ, చెరువులో ఆ మందు చుక్క కూడా వెయ్యలేదు" అన్నాడాయన. ఈ ఒట్లు రోజూ వినేవే, నాకు విసుగొచ్చింది. అయినా నిబంధన ప్రకారం చెరువులోంచి నేనే రొయ్యలు తీయించాను. వాటిలో మందు లేదు.

చెరువు దాటాక మందు ఎక్కడ అంటిందో చూద్దామని, కంకిపాడు దగ్గర ఆయన సరుకు ఒలిచే షెడ్డుకు వెళ్ళాను. ఆడవాళ్ళు ఐసు నీళ్ళలో చేతులు పెట్టి ఒలుస్తున్నారు. ఖాసింబీ అనే ఆవిడ వేళ్ళు నెత్తురు చిమ్మేలా పగిలి ఉన్నాయి. ఏం రాస్తున్నావమ్మా అంటే, కొంగుముడి విప్పి మందులషాపు ట్యూబు తీసింది.

"ఇది రాసుకోపోతే రొయ్య పట్టుకోలేమండీ. కొంచెం తీసుకుని ట్యూబు ఇచ్చెయ్యండి సార్, మధ్యాన్నానికి కావాలి."

ట్యూబు మీదే ఆ మందు పేరుంది.

మూలం ఒలిచేవాళ్ళ ఆయింట్‌మెంట్ అని రిపోర్టు రాశాను. గ్లవ్స్, వేరే లేపనం ఇవ్వాలని కిందే సిఫార్సు చేశాను. షెడ్డు యాజమాన్యం పై వాక్యం దగ్గరే ఆగింది. గేటు దగ్గర సూపర్‌వైజర్‌ను నిలబెట్టి, చేతులు పగిలినవాళ్ళని వెనక్కి పంపేసింది.

తర్వాత వచ్చిన నమూనాల్లో మందు లేదు. వెంకటేశ్వరరావు గారు స్వీట్లు తెచ్చారు. తినబుద్ధి కాలేదు. మళ్ళీ తనిఖీకి వెళ్తే ఖాసింబీ లేదు. ఆమె చోట కూర్చున్న కొత్త మనిషి చేతులు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి.

ఆ తర్వాత సర్వీసు ఉన్నంతకాలం సిఫార్సును ఫలితం కంటే పైన రాశాను. ఫార్మాట్ తప్పని రెండుసార్లు మెమో ఇచ్చారు.