ఉల్లిపొర మీద గాలిబుడగ

ఉల్లిగడ్డ తరిగితే అందరికీ కళ్ళల్లో నీళ్ళొస్తాయి. నాకు అమెరికా వస్తుంది. పొద్దున్నే ఆళ్లగడ్డ బస్టాండు ఎదుటి హోటల్లో బొరుగుల ఉగ్గాని కోసం బల్ల మీద కూర్చుంటానా, లోపల వంటమాస్టరు ఉల్లిగడ్డలు సన్నగా తరగడం మొదలుపెడతాడు. ఆ ఘాటు ముక్కుకు తగిలిందంటే నా నోరు ఊరుకోదు. పక్కనున్నది చాగలమర్రి బస్సు కోసం చూస్తున్న రైతైనా సరే, మహానందికి పోతున్న భక్తుడైనా సరే, పట్టుకుని చెబుతాను: "వేలమందిని వడబోసి, సీమ మొత్తం మీద నన్నొక్కణ్ణే ఏరుకోని, అమెరికా కాలేజీవాళ్ళు ఏడాదిపాటు పిలిపించుకోని చదివించినారప్పా." ఆ మనిషి నా పంచె వంకా, పిన్నీసు పెట్టిన చెప్పు వంకా చూసి, "అట్లనా?" అని కొంచెం జరిగి కూర్చుంటాడు. మాస్టరు మాత్రం తల ఎత్తకుండా, "నిన్న వందలమందే అంటివే పెద్దాయనా" అంటాడు.

ఆ వేలమంది సంగతి తర్వాత ఒప్పుకుంటాను. ముందు నన్ను అక్కడికి పంపిన మనిషి గురించి చెప్పాలి.

సుబ్బరాయుడు సారును మీరు చూసి ఉండరు. నంద్యాలలో నేను బీఎస్సీ చదివిన కాలేజీలో బాటనీ చెప్పేవారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్నుతో పాటు ఒక చిన్న భూతద్దం ఉండేది. చూసినదానికన్నా ఒక్క అక్షరం ఎక్కువ చెప్పడం ఆయనకు చేతకాదు. "వాన వస్తాదా సార్?" అంటే "మబ్బు పట్టింది" అనేవారు. బంధువుల కోసం పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన రోజు స్టాఫ్‌రూములో ఎవరో, "పిల్ల ఎట్లుంది సార్?" అని అడిగితే, కాసేపు ఆలోచించి "కూర్చోని ఉండింది" అన్నారట.

నేనేమో అంగడి ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆళ్లగడ్డలో మా నాయనకు పప్పులు, బెల్లం అమ్మే అంగడి. మా ఇంట్లో పొగడకుండా ఏ వస్తువూ గడప దాటేది కాదు. కందిపప్పు గురించి మా నాయన మాట్లాడుతుంటే పక్క అంగడివాళ్ళు కూడా వచ్చి నిలబడి వినేవాళ్ళు. అట్లాంటి ఇంటి నుంచి అట్లాంటి సారు దగ్గరికి రోజూ బస్సెక్కి పోయేవాణ్ణి.

ఒకరోజు ల్యాబులో ఉల్లిపొర ఇచ్చి, మైక్రోస్కోపులో చూసి కణాల బొమ్మ గీయమన్నారు. నేను పుస్తకం ముందర పెట్టుకుని, ఇటుకలు పేర్చినట్టు వరసగా కణాలు గీసి, ఒక్కొక్క దాంట్లో చుక్కంత కేంద్రకం పెట్టి, రంగులు కూడా అద్దాను. నా రికార్డు చూడటానికి పక్క బెంచీలవాళ్ళు లేచి వచ్చారు. సారు కూడా వచ్చారు.

"ఇవన్నీ యాడ చూసినావప్పా?"

"మైక్రోస్కోపులోనే సార్. అద్దంలో చూసినట్టు కనపడినాయి."

"ఎన్ని?"

"నలభై ఎనిమిది సార్."

ఆయన వంగి, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశారు. తర్వాత నడుము నిలబెట్టి, "నాకు వెలుతురు తప్ప ఏమీ కనపడల్యా. స్లైడు నీ జోబీలో ఉండాది. అది పెట్టి చూసింటే బాగుండు" అన్నారు.

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. అందరినీ పంపేసి నన్ను కూర్చోబెట్టి, నా చేతనే ఉల్లిపొర ఒలిపించి, రంగు వేయించి, స్లైడు పెట్టించారు. కళ్ళల్లో నీళ్ళు కారుతుండగా చూశాను. పెద్ద గుండ్రటి వస్తువొకటి, చుట్టూ నల్లటి అంచుతో, గ్రహణం పట్టిన సూర్యుడిలా కనిపించింది. దాన్నే గీసి చూపించాను. "ఇది గాలిబుడగప్పా. ఉల్లిపొర దీని పక్కన ఉండాది" అన్నారు. రికార్డు ఇక చిరిగినట్టే అనుకున్నాను. ఎర్రసిరా పెన్ను తీసి నలభై ఎనిమిది కణాలకు సున్నా వేశారు. గాలిబుడగకు పదికి ఆరు వేశారు. "తప్పే చూసినావు. అయినా చూసినావు" అన్నారు.

ఆ ఏడాదే అమెరికాలోని ఒక కాలేజీ మా కాలేజీతో మాట్లాడుకుంది. మా దగ్గర నుంచి ఒక విద్యార్థి అక్కడికి పోవాలి, అక్కడి నుంచి ఒకరు ఇక్కడికి రావాలి. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: పోటీకి నిలబడింది ముగ్గురం. ఫారం నింపుతుండగానే ఒకతనికి పెళ్ళి కుదిరింది. మిగిలింది ఇద్దరం. ఆ రెండోవాడు చదువులో నాకన్నా మేలు.

అయినా నేను ఆగలేదు. ఫారం ఇంకా నా సంచిలో ఉండగానే ఆళ్లగడ్డలో సెలక్టయిపోయానని చెప్పేశాను. మా నాయన నమ్మి, అంగడికి వచ్చినవాళ్ళకల్లా పటికబెల్లం పంచాడు. మా అమ్మ చుట్టాలందరికీ కబురు పెట్టింది. ఇక పోకపోతే ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను. తీరా చూస్తే, ఫారంతో పాటు నన్ను బాగా ఎరిగిన అధ్యాపకుడు ఒకరు నా గుణగణాల గురించి ఉత్తరం రాయాలట. నన్ను బాగా ఎరిగింది సుబ్బరాయుడు సారే. అదే నా ఖర్మ.

నంద్యాలలో వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో ఆయన కూతురు నాగవేణి టైపు మిషను ముందు కూర్చుని ఉంది. ఇంటర్ చదువుతూ టైపు నేర్చుకుంటున్న పిల్ల. సారు చేత్తో రాసిచ్చేవి ఆమే టైపు చేసేది.

"సార్, మీరు చూసిందే రాస్తారని తెలుసు. ఈ ఒక్కసారికి కొంచెం చూడనిది గూడ రాయండి సార్" అన్నాను.

"ఏం రాయల్ల?"

"నిజాయితీ గలవాడని."

ఆయన జేబులోంచి భూతద్దం తీసి తుడుచుకున్నారు. "అది యాడుందో చూపిచ్చు. చూసి రాస్తా."

చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. లోపల టైపు మిషను టకటకలాడింది. మధ్యలో కాసేపు ఆగింది. మళ్ళీ టకటకలాడింది. ఆ తర్వాత సారు అంటించిన కవరు తెచ్చి నా చేతిలో పెట్టి, "తెరవొద్దు" అన్నారు. పోస్టాఫీసు దాకా ఆ కవరును వెలుతురుకు పట్టి చూస్తూనే పోయాను. ఏమీ కనపడలేదు.

సెలక్టయ్యాను. మా నాయన మళ్ళీ పటికబెల్లం పంచాడు.

అక్కడికి చేరిన మొదటి వారంలోనే, బయటి దేశాల విద్యార్థుల వ్యవహారాలు చూసే ప్రొఫెసరు నవ్వుతూ సారు ఉత్తరం నా ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మన భాషలో చెబుతాను. "ఇతడు లేనివి ఉన్నట్టు చెబుతాడు. ఇతడు గీసిన బొమ్మలు సగం పుస్తకంలోవి. కానీ ఎవరూ అడగకముందే తానే వచ్చి తప్పు ఒప్పుకుంటాడు." రెండో కుర్రాడి గురించి వచ్చిన ఉత్తరంలో ఒక్క లోపం కూడా లేదట. లోపం లేని మనిషిని ఎలా నమ్మాలో తెలియక నన్ను పిలిచామన్నాడు.

నేను మాత్రం మూడో వాక్యం దగ్గరే ఆగిపోయాను. అడగకముందే ఒప్పుకోవడమా? పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా చేసిన పాపాన పోలేదు. కానీ సుబ్బరాయుడు సారు చూడనిది రాయరు కదా! అంటే నాకు తెలియకుండా నాలో ఏదో చూసి ఉండాలి. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి నేనూ వెతుక్కున్నాను.

ఇంతలో పుల్లల గొడవ వచ్చింది. బ్రష్షుతో తోముకుంటే నాకు పళ్ళు తోముకున్నట్టే ఉండదు. అక్కడ వేపచెట్టు లేదు. లైబ్రరీ ముందర లేత కొమ్మల చిన్న చెట్టొకటి ఉండేది. తెల్లవారక ముందే పోయి, రోజుకొక పుల్ల విరుచుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి, నా చెయ్యి అందే ఎత్తు దాకా చెట్టు ఒక పక్క బోడి అయిపోయింది. తోటమాలి దాని చుట్టూ తిరిగి తిరిగి, ఇది జింక పని అని తేల్చాడు. అప్పుడైనా నేను నోరు మూసుకోవచ్చు కదా? గుంపులో నిలబడి, "అవును, నేను చూశాను" అన్నాను. ఎంత జింక అని అడిగాడు. చేతులు చాపి చూపించాను. కొమ్ములున్నాయా అన్నాడు. ఎన్ని శాఖలున్నాయో కూడా చెప్పాను.

మర్నాడు అతను చెట్టు చుట్టూ ఇనుప వల కట్టడం మొదలుపెట్టాడు. పెద్దవాడు, మోకాళ్ళ మీద కూర్చుని, చలికి చేతులు ఊదుకుంటూ కడుతున్నాడు. మూడు రోజులు దూరం నుంచి చూస్తూ తిరిగాను. ఒప్పుకుంటే ఇంటికి పంపేస్తారు, ఆళ్లగడ్డలో పటికబెల్లం తిన్నవాళ్ళందరూ నవ్వుతారు. ఒప్పుకోకపోతే సుబ్బరాయుడు సారు జీవితంలో మొదటిసారి అబద్ధం రాసినవారవుతారు. నాలుగో రోజు పోయి అతని ఎదుట నిలబడ్డాను.

"జింక కాదు. నేను."

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "కొమ్మలు తిన్నావా?"

"లేదు. పళ్ళు తోముకున్నాను."

చాలాసేపు నా పళ్ళ వంక చూశాడు. "మరి కొమ్ములు?" అన్నాడు. మర్నాడు పొద్దున నా గది ముందు పుల్లల కట్ట పెట్టి ఉంది. కట్ట అని ఎప్పుడూ చెబుతుంటాను గానీ, ఒకటే పుల్ల. అయినా నున్నగా చెక్కి పెట్టాడు. నన్ను ఎవరూ ఇంటికి పంపలేదు.

తిరిగొచ్చాక మొదట నంద్యాలకే పోయాను. "అడగకముందే ఒప్పుకుంటాడని రాసినారు కదా సార్, అది నాలో యాడ చూసినారు?" అని అడిగాను. ఆయన లోపలికి తిరిగి, "నాగవేణీ, కాఫీ తే" అన్నారు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా నాకు కాఫీయే దొరికింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

నేను మా నాయన అంగట్లోనే కూర్చున్నాను. "ఈ పప్పు లాంటి పప్పు జిల్లాలో లేదక్కా" అనేవాణ్ణి. పొట్లం కట్టేలోపు నోరు దానంతటదే, "కానీ పోయినేడాదిది" అనేది. "వీణ్ణి అమెరికా చెడగొట్టింది" అని మా నాయన తల కొట్టుకునేవాడు. చెడగొట్టింది అమెరికా కాదు, ఆ ఒక్క వాక్యం. దాన్ని నిజం చేయడానికే ఇన్నేళ్ళూ బతికానేమో అనిపిస్తుంది. గొప్పలు మానలేదు. కానీ ప్రతి గొప్ప వెనకా ఆయన భూతద్దం తుడుచుకుంటూ నిలబడి ఉంటారు. ఇక ఒప్పుకోక తప్పదు.

ఇంతవరకు రాసి, మొన్న నంద్యాల పోయి నాగవేణికి చదివి వినిపించాను. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, అంతా విని కళ్ళద్దాలు తీసింది.

"బాగుండాది గానీ తప్పన్నా. ఆ మాట మా నాయన రాయల్యా. ఆయన రాసిచ్చింది 'పట్టుకుంటే ఒప్పుకుంటాడు' అని. టైపు కొట్టేటప్పుడు నేనే మార్చినా."

"ఎందుకు మార్చినావమ్మా?"

"అరుగు మీద కూర్చోని ఏడుస్తాంటివి కదా. చూడలేకపోయినా."

"నేను ఏడవలేదు."

"ముక్కు చీదుతాంటివి. లోపలికి ఇనపడతాండె."

"మరి సారు చదవలేదా?"

"చదవకుండా ఆయన సంతకం పెడతాడా? 'ఇది నేను చూడల్యానే' అన్నాడు. మల్లా కొట్టల్లంటే 'కాయితం లేదు నాయనా' అని చెప్పినా. డ్రాయరు నిండా ఉన్నాయి కాయితాలు. నన్ను చూసినాడు, కిటికీలోనించి నిన్ను చూసినాడు, సంతకం పెట్టినాడు." కళ్ళద్దాలు పెట్టుకుని, నా కాగితాలు నా చేతికిచ్చింది. "నీ బతుకంతా మోసినానంటాండావే, ఆ వాక్యం మా నాయనది కాదు, నాది. సరిగ్గా రాయి."