వైరస్ ఉన్న కిడ్నీ మీద మా ఆయన పెట్టిన నోట్

మా ఆయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఫైళ్ల మీద నోట్‌లు పెట్టీ పెట్టీ, ఇంట్లోకి ఫ్రిజ్ కొనాలన్నా కాగితానికి మార్జిన్ మడిచి, ఒకటి, రెండు అని పేరాలు రాస్తేగానీ ఒక నిర్ణయానికి రాలేని మనిషి. నేనేమో నోటికొచ్చింది ముందు అనేసి తర్వాత ఆలోచించే రకం. ఇన్నేళ్లు ఎలా వేగామో ఆ భగవంతుడికే తెలియాలి.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజుల్లో ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయి. నాకు షుగరు, నా కిడ్నీ పనికిరాదన్నారు. చనిపోయినవాళ్ల కిడ్నీ దొరుకుతుందేమోనని ఒక ఆసుపత్రిలో పేరు రాయించి, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిప్పేదాన్ని. ఆర్కే పురంలో మా క్వార్టరుకి దగ్గరని ఆ డయాలసిస్ సెంటర్ని ఎంచింది నేనే. అక్కడే ఆయన రక్తంలోకి హెపటైటిస్ సి వైరస్ చేరింది. వెళ్లి నానా రభసా చేశాను. ఏం లాభం? కాకినాడలో ఉన్న మా అత్తగారు, "దగ్గరా కాదా చూశావు గానీ మంచిదా కాదా చూడలేదు" అంది. ఒక్కసారే అంది. ఆ తర్వాత ఏడాది పాటు ఎప్పుడు ఫోన్ చేసినా నాతో ఒకటే మాట, "ఫోన్ వాడికివ్వు." ఆవిడ మళ్లీ అనకపోయినా, ఆ మాట నన్ను నేనే రోజూ అనుకునేదాన్ని.

ఒక శనివారం పొద్దున్న ఏడింటికి, పేరు రాయించిన ఆసుపత్రి నుంచి డాక్టరు ఫోన్ చేశాడు. బ్రెయిన్ డెడ్ అయిన ఒకతని కిడ్నీలు ఇవ్వడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నారట. అతనికీ హెపటైటిస్ సి ఉందట.

"వైరస్ లేనివాళ్లకి ఇది పెట్టలేం. మీవారికి ముందే ఉంది కాబట్టి పెట్టొచ్చు. బ్లడ్ గ్రూపూ కలిసింది. కానీ ముందు ముందు లివరు దెబ్బతినే భయం కొంత ఉంది, దాచను. గంటలో చెప్పండి" అన్నాడు.

ఏడాదిగా నేను తిట్టిపోసిన వైరస్సే ఆయన్ని వరసలో ముందుకు తోసిందంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా ఆయన ఏం చేశారో తెలుసా? తెల్లకాగితం తీసి, మార్జిన్ మడిచి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. "విషయం" అని రాసి కింద గీత కూడా గీశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అక్కడ ఎవరో అంత దుఃఖంలో కిడ్నీ ఇస్తామంటుంటే, మీరిక్కడ నోట్ పెడతారా? ఎవరికి పంపుతారు ఈ ఫైలు, యముడికా?"

"నీకే," అన్నారు తలెత్తకుండా. "చదివి సంతకం పెట్టు."

ఇరవై నిమిషాలు రాశారు. డయాలసిస్‌తో ఎన్నాళ్లు బతకొచ్చు, లివరు సంగతేమిటి, చివరికి కిడ్నీ తీసుకోవచ్చునని ప్రతిపాదన. సణుక్కుంటూనే చదివాను. నాలుగో పేరా మాత్రం రెండుసార్లు చదివాను. "ఈ నిర్ణయం పూర్తిగా నాది. ఏ తేడా వచ్చినా నా భార్యను ఎవరూ ఒక్క మాట అనరాదు. డయాలసిస్ సెంటర్ విషయంలో కూడా ఆమె తప్పేమీ లేదు."

ఆ సంగతి మా మధ్య ఒక్కసారి కూడా రాలేదు. నేను లోపల కుమిలిపోతున్నది ఆయనకి తెలియదనుకున్నాను. కళ్లు తుడుచుకుని, ఆయన చేతిలో పెన్ను లాక్కుని, "పూర్తిగా నాది" కొట్టేసి "మా ఇద్దరిదీ" అని రాసి సంతకం పెట్టాను. "ఫైలు పాసయింది, ఇక లేవండి" అన్నాను.

రక్తపరీక్షలు కుదిరాయి. మధ్యాహ్నం లోపలికి తీసుకెళ్లారు. సాయంత్రం సర్జన్ బయటికొచ్చి, కిడ్నీ పెట్టిన కాసేపటికే, ఇంకా ఆపరేషన్ టేబుల్ మీద ఉండగానే, ఉచ్చ రావడం మొదలైందని హిందీలో చెప్పాడు. రెండేళ్లుగా బొట్టు కూడా సరిగ్గా రాని మనిషి. నేను సర్జన్‌కి దణ్ణం పెట్టాను. పేరు కూడా తెలియని ఆ చనిపోయినతనికీ, అతని ఇంటివాళ్లకీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఎన్నాళ్ల తర్వాతో గుండెల నిండా ఊపిరి పీల్చాను.

బయట ఎస్టీడీ బూత్ నుంచి అత్తగారికి ఫోన్ చేసి, వైరస్ ఉన్న కిడ్నీ అని దాచకుండా చెప్పాను.

"ఒప్పుకున్నదెవరు?" అంది.

"నేనేనండీ."

"ఉచ్చ పోస్తున్నాడా?" అంది.

"ఆఁ, పోస్తున్నారండీ. సంచీ నిండుతోంది."

ఆవిడ వెక్కిళ్లు వినిపించాయి. తర్వాత ముక్కు చీదుకుని, "నువ్వేమైనా తిన్నావా?" అని అడిగింది.

"లేదండీ, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు" అంటూ, బూత్‌వాడు చూస్తున్నాడని కూడా లేకుండా నేనూ బావురుమన్నాను.