ఊపిరి బిగబట్టి చేయించుకున్న సీటు

ఒక మనిషి సొంత డబ్బుతో, సొంత తెలివితో, సొంత జట్టును ఎలా ముంచవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. నాలుగేళ్లయింది. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు అన్నం సయించదు. అయినా తింటాననుకోండి, అది వేరే సంగతి.

పద్మారావు నగర్‌లో నాకు టైల్స్ షాపు ఉంది. నలభై ఆరేళ్లకు అందరికీ షుగరొస్తే నాకు రేసింగ్ పిచ్చి వచ్చింది. కారు కొన్నాను, బోయిగూడలో షెడ్డు తీసుకున్నాను, యాదగిరి అనే మెకానిక్‌ను పెట్టుకున్నాను. అసలు డ్రైవరు నసీర్, బన్సీలాల్‌పేట్ వాడు. కారు నడపడంలో అతనికి సాటి లేదు. కానీ మేం వెళ్లే రేసులో ఇద్దరు డ్రైవర్లు చెరి సగం నడపాలి. రెండోవాడిగా ఎవరినైనా పెట్టుకోవచ్చు. నేనే నడుపుతానన్నాను. డబ్బు పెట్టినవాణ్ణి ఎవరు కాదంటారు చెప్పండి.

రేసు కారు సీటు బజారులో దొరికేది కాదు. ప్లాస్టిక్ సంచిలో ఏవో రెండు మందులు కలిపి పోసి, దాని మీద మనల్ని కూర్చోబెడతారు. అది ఇడ్లీ పిండిలా పొంగి మన ఒంటి చుట్టూ గట్టిపడుతుంది. నా కొలతకు సీటు చేసి, సన్నగా ఉండే నసీర్‌కు లోపల ఒక మెత్త వేయాలని ఏర్పాటు.

సీటు పోసే రోజు షెడ్డులో యాదగిరి, నసీర్ ఉండగా మా ఆవిడ, ఆమె చెల్లెలు కూడా వచ్చారు. మా మరదలు ఫోన్ తీసి వీడియో షురూ చేసింది. మరదలి వీడియోలో పొట్టతో కనిపించాలని ఏ బావ అనుకుంటాడు? ఊపిరి బిగబట్టి, పొట్టను వెన్నెముకకు అంటించి కూర్చున్నాను.

"సేటు, జెర వదులుగ కూసోండి," అన్నాడు యాదగిరి.

"వదులుగనే ఉన్న," అన్నాను పళ్ల సందున.

"ఊపిరి తీసుకుంటున్నరా?"

"నీ పని నువ్వు చూసుకో."

"బావా, హీరో లెక్కనే ఉన్నవ్," అంది మరదలు.

ఆ మాటకు ఇంకో అంగుళం లోపలికి పీల్చాను. మధ్యమధ్య దొంగచాటుగా కాస్త గాలి తీసుకుంటూ పావుగంట నెట్టుకొచ్చాను. సీటు గట్టిపడింది. అది నాకు పట్టే సీటు కాదు, పెళ్లిచూపుల ఫోటోలో సన్నగా ఉన్న నాకు పట్టే సీటు.

రేసు రెండు నెలల తర్వాత. ప్రాక్టీసంతా నసీర్‌కు వదిలేసి నేను చుట్టాల పెళ్లిళ్లకు తిరిగాను. పిండి కొద్దీ రొట్టె అంటారు. నాకు రొట్టె కాలాక పిండి పెరిగింది.

ఆ రేసు గెలిస్తే వచ్చే ఏడు నసీర్‌ను తమ కారులో పెట్టుకుంటామని ఒక పెద్ద జట్టువాళ్లు మాటిచ్చారు. అతను ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట అది. రేసు రోజు సగం దూరమయ్యేసరికి నసీర్ అందరికంటే ముందున్నాడు. డ్రైవర్లు మారే చోట కారు ఆపి, చటుక్కున దిగి, తన మెత్త పీకేశాడు. నేను ఎక్కాను. ఎక్కానంటే, సగం ఎక్కాను.

"కిందికి కూసోండి సేటు," అన్నాడు యాదగిరి.

"కూసుంటనే ఉన్న. పోతలేదు."

యాదగిరి నా భుజాలు పట్టి కిందికి అదిమాడు. నసీర్ నడుం పట్టి నొక్కాడు.

"ఊపిరి బయటికి వదలండి సేటు," అన్నాడు నసీర్.

"వదిలిన. ఇంక లేదు."

ఒక కారు మమ్మల్ని దాటిపోయింది. ఇంకోటి పోయింది. ఏడు పోయాక నా బెల్టు పడింది. మలుపు మలుపుకూ పక్కటెముకలు మూలుగుతుంటే చివరి నుంచి రెండోవాడిగా వచ్చాను. నా వెనక వచ్చినవాడి కారుకు మూడు చక్రాలే ఉన్నాయి.

పెద్ద జట్టువాళ్లు మా ముందు నుంచే నడిచి వెళ్లి ఇంకో డ్రైవరుకు చెయ్యి కలిపారు. నసీర్ అది చూస్తూ నిలబడ్డాడు. నేను అతని మొహం చూడలేకపోయాను.

నన్ను సీటులోంచి పీకాక, "గా సీటు గట్లెందుకయిందో సమజైతలేదు నసీర్," అని అబద్ధమాడాను.

"మీరు ఊపిరి బిగబట్టిన్రు సేటు," అన్నాడు నెమ్మదిగా. "నేను చూసిన. యాదగిరన్న సుత చూసిండు."

"మరి చెప్పలేదేందయ్యా?"

"చెప్తే మీకు తక్లీఫ్ అయితదని. పైసలు పెట్టేది మీరే గద."

సిగ్గుతో చచ్చిపోయాను. నసీర్ ఇంకా నా కారే నడుపుతున్నాడు, వేరే గతి లేక. అందుకని, సకల టైల్స్ సాక్షిగా, పొట్ట మీద చెయ్యేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కారులో డబ్బు పెడతాను గాని డొక్క పెట్టను.