ఎర్రకుండ దించిన ఆదివారం

సవేత పొద్దుటి కాఫీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది. కూర్చుంటే తండ్రి ఓనుత్స్ కళ్ళకు ఖాళీగా ఉన్నట్టు కనబడుతుంది. వెంటనే ఏదో పని పురమాయిస్తాడు. ముప్ఫై తొమ్మిదో ఏట, ఆ జనవరి ఆదివారం కూడా పొయ్యి పక్కన నిలబడే తాగింది. ఆ రోజు మాత్రం ఇల్లు కదలకూడదనుకుంది. భార్య పోయిన వడ్రంగి టోడర్, చర్చి అయ్యాక వచ్చి పిల్లనడుగుతానని పై ఊరి నుంచి కబురు పంపాడు.

మా లోయలో పెళ్ళి కావలసిన పిల్ల ఉంటే, వాకిట్లో పాతిన చెట్టుమాను కొనన ఎర్రకుండ బోర్లిస్తారు. మాట కుదిరిన రోజున దించుతారు. దించిన ఇంటి గుమ్మం మరో మగవాడు తొక్కడు. సవేత కుండ ఇరవై ఏళ్ళుగా అక్కడే వెలిసిపోతోంది; దాన్ని ఇంట్లో ఎవరూ తలెత్తి చూడడం కూడా మానేశారు.

ఇంట్లో అద్దెగదిలో ఫోతిని ఉంది. గ్రీసు నుంచి క్లుజ్ పట్నానికి వచ్చి పశువైద్యం చదువుతున్న పిల్ల. మూడు రోజుల సెలవుకు మంచు చూద్దామని వచ్చింది.

"ఆ పిల్లను కొండ మీదికి తీసుకెళ్ళవే," అన్నాడు ఓనుత్స్.

"ఇవాళ వద్దు నాన్నా. టోడర్ వస్తానన్నాడు."

"వస్తే కాసేపు ఆగుతాడు. ఇన్నేళ్ళు నువ్వాగలేదూ?" అని ఆయన సారా కొట్టుకు వెళ్ళిపోయాడు.

ఫోతినిని వెంటబెట్టుకుని ఎక్కిన కొండ మీదినుంచి లోయంతా కనబడింది. గడ్డివాముల మీద మంచు, చెక్క చర్చి శిఖరం, పొగలు. గంటలు మోగించుకుంటూ మంచు మీద జారే గుర్రపుబండి ఒకటి వచ్చి వాళ్ళ గేటు ముందు ఆగింది. టోడర్ బండిలో లేచి నిలబడి వాకిట్లో మాను వైపు తలెత్తి చూశాడు. సవేత కూడా అటే చూసింది. మాను కొన బోసిగా ఉంది.

"కుండేదీ?"

"అదా? పొద్దున నువ్వు పాలు పితుకుతుంటే నిచ్చెనేసి నేనే దించానక్కా. కిటికీలో పెట్టి ఫోటో తీశాను. మళ్ళీ పెట్టేస్తాలే."

"టోడర్!" అని సవేత అరిచింది. అంత దూరం వినబడలేదు. అతను పక్కింటి కంచె దగ్గర ఏదో అడిగి, గుర్రాన్ని అదిలించాడు.

"కదలకక్కా, ఫోటోలో బండి భలే పడుతోంది," అంది ఫోతిని, ఫోను ఎత్తి.

దిగి వచ్చేసరికి పక్కింటి నస్తాసియా కంచె మీద వాలి ఉంది. "ఏమే, పెళ్ళికొడుకును ఎక్కడ దాచావే? పాపం టోడర్ నన్నడిగాడు. ఎవడో అదృష్టవంతుడు ఎగరేసుకుపోయాడయ్యా అన్నాను!"

వెళ్ళి టోడర్‌కు అసలు సంగతి చెప్పమని సవేత తండ్రి కాళ్ళు పట్టుకుంది.

"పిల్లనిచ్చేవాడు మగాడి వెంటపడి అడుక్కుంటాడటే? దించిన కుండ మళ్ళీ ఎక్కిస్తే కుదిరిన పెళ్ళి చెడిందంటారు. నోర్మూసుకుని పశువులకు గడ్డెయ్యి."

సోమవారం ఫోతిని ఆమెను కౌగిలించుకుని బస్సెక్కింది. పెళ్ళిళ్ళు చెయ్యని ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యేలోపే టోడర్ కింది ఊరి విధవను చేసుకున్నాడు.

సవేతకిప్పుడు నలభై ఆరు. ఓనుత్స్ పక్షవాతంతో మంచం పట్టాడు. ఆయనకు తినిపించేదీ, పక్క మార్చేదీ ఆమే.