ముందు సీటు ప్రార్థన

మా వ్యాన్‌లో ముందు సీటుకు ఒక బాధ్యత ఉంది. అందులో కూర్చున్నవాళ్లు బండి కదిలే ముందు ప్రయాణ ప్రార్థన చేయాలి. మా ఆయన సంఘ కాపరి, బండి నడిపేది కూడా ఆయనే. ఆయన ప్రార్థన మొదలుపెడితే అది సందేశమై, సందేశం కాస్తా పాటై, మేం చేరేసరికి అవతలి ఊళ్లో వండిన అన్నం చల్లారిపోయేది. అందుకని పెళ్లయిన కొత్తలోనే సంఘంవాళ్లు ఆ పని నాకు అప్పగించారు. నేను కళ్లు మూసుకుని నాలుగు మాటలు చెప్పేదాన్ని, ఆయన "ఆమేన్" అని తాళం తిప్పేవారు. ఆ రెండు చప్పుళ్లూ ఒకదాని వెంట ఒకటి వినబడితేనే నాకు ప్రయాణం మొదలైనట్టు.

సీటు నాకు దక్కడానికి ఇంకో కారణం దారి. ఆయనది మధిర వైపు, పొలాల మధ్య తిన్నని రోడ్ల మీద పెరిగిన మనిషి. నేను మణుగూరు కాలనీలో పుట్టాను. మా నాన్న బాయి పని చేసేవాడు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. సారపాక నుంచి మణుగూరు దాటి అడవిలో ఉన్న గుంపులన్నీ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పది పదిహేను ఇళ్లున్న పల్లెను ఇక్కడ గుంపు అనే అంటారు. ఏ గుంపులో ప్రార్థన కూడిక ఉన్నా ముందు సీట్లోంచి దారి చెప్పేది నేనే.

ఆయనకు కుడి ఎడమలు చప్పున తట్టవు. "కుడికి" అంటే ఒకసారి స్టీరింగు మీద ఉన్న తన చేతుల వైపు చూసుకుంటారు, ఆలోపు మలుపు దాటిపోతుంది. అందుకే మా అమ్మలాగా "తినే చెయ్యి దిక్కు" అనడం అలవాటు చేసుకున్నాను. దానికి మాత్రం ఆయన చెయ్యి దానంతటదే తిరిగేది. తిరిగేది కానీ, వాదించకుండా తిరిగేది కాదు. "కాదే, పోయినసారి ఇంకా ముందుకెళ్లాం." "నీకు నిజంగా గుర్తుందా, ఊరికే అంటున్నావా?" ఏ మలుపూ గొడవ లేకుండా దాటలేదు. ఆ గొడవలు కూడా నావే అనుకునేదాన్ని.

తర్వాత మా సంఘంలోకి టీచరు వచ్చింది. ఖమ్మంలో పెరిగిన పిల్ల, ఉద్యోగం మీద సారపాక వచ్చి మా వీధిలోనే కిరాయికి దిగింది. పాట బాగా పాడుతుంది, వాక్యం శ్రద్ధగా చదువుతుంది, వేళ తప్పదు. తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. అది నాకు మరీ కష్టంగా ఉండేది.

వచ్చిన కొత్తలోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయనతో అంది: "అయ్యగారూ, ఫోన్‌లో మ్యాప్ పెట్టుకోవచ్చు గదా. అమ్మగారిని ఎందుకు గంత కష్టపెడ్తరు?"

నాకు కష్టంగా ఉందని నేను ఆమెకు ఎప్పుడైనా చెప్పానా?

ఆయన ఫోన్‌లో రెండు యాప్‌లు వేసింది. మొదటిది ఇంగ్లిషులో మాట్లాడేది. మన ఊళ్ల పేర్లను నోట్లో రాళ్లు వేసుకున్నట్టు పలికేది, అడవిలో సిగ్నల్ పోగానే మూగబోయేది. రెండోది ఆడగొంతుతో తెలుగులో చెప్పేది. పైగా ఇంటి దగ్గర నెట్ ఉన్నప్పుడే అడవి పటమంతా ఫోన్‌లోకి దించుకోవచ్చు, ఆ తర్వాత సిగ్నల్ లేకున్నా దారి చెబుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే ఊరికి ఏది ఎటు తిప్పుతుందో చూసి, రెండోది ఉంచి మొదటిది తీసేసింది. తర్వాతెప్పుడో ఒకసారి అది మమ్మల్ని పొలం గట్టు మీదికి ఎక్కించబోతే, దారి అడిగేచోట కారు గుర్తు బదులు మోటార్ సైకిల్ గుర్తు నొక్కి ఉందని కనిపెట్టింది కూడా ఆమే.

వారధి మీదుగా భద్రాచలం వెళుతున్నప్పుడు, మేం ఎక్కడున్నామో చూపించే నీలం చుక్క పక్కకు జరిగి గోదావరి మధ్యలో తేలింది. వెనక సీటు పెద్దమ్మ తొంగి చూసింది. ఆమె భర్త కూడా బాయి పని చేసినవాడే. ఆయన పోయాక సంఘాన్నే ఇల్లు చేసుకుంది, ఏ కూడికకైనా మా వ్యాన్‌లో ఆమె ఉండాల్సిందే.

"స్తోత్రం! మన అయ్యగారు నీళ్ల మీద పోతున్నరు!"

బండి బండంతా నవ్వింది. టీచరు నవ్వుతూనే ఫోన్ తీసుకుని, బ్యాటరీ ఆదా చేసే మీట ఆపేసి, ఇంకేదో నొక్కింది. చుక్క నీళ్లలోంచి రోడ్డు మీదికి వచ్చింది. కానీ బాణం మాత్రం మేం పోయే వైపు కాకుండా వెనక్కి చూపిస్తోంది. ఆమె ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి, కవరు మూత తెరిచి మూసి చూసింది.

"ఇగో, తప్పు దీన్దే అమ్మగారూ. మూతకు అయస్కాంతం ఉంది. అది పక్కనుంటే ఫోన్‌ల దిక్కులు తెలుసుకునేది పిచ్చిదైతది."

పుస్తకంలా తెరుచుకునే ఆ కవరు మా పెళ్లిరోజుకు నేను కొనిచ్చాను. మూత మీద బంగారు రంగు సిలువ ఉంటుంది. ఆమె దాన్ని ఊడదీసి నా ఒళ్లో పెట్టింది. తర్వాత ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకె వేస్తున్నట్టు తిప్పింది. బాణం బుద్ధిగా ముందుకు తిరిగింది. నేను కవరును నా సంచిలో, బైబిలుకూ ముక్కుగుడ్డకూ మధ్య పెట్టుకున్నాను.

అప్పుడే మొదటిసారి ఆ గొంతు బండి నిండా వినబడింది. "మూడు వందల మీటర్లలో ఎడమ వైపు తిరగండి."

ఆయన ముందుకు వంగి, అవతల మనిషి ఉన్నట్టే, "సరేనమ్మా" అన్నారు.

సరేనమ్మా! ఇన్నేళ్లలో నేను చెప్పిన ఏ మలుపుకూ ఆ మాట రాలేదు.

ఫోన్‌ను ఎవరో ఒకరు పట్టుకుని చూస్తూ ఉండాలన్నారు. చూడటం తెలిసినవాళ్లే పట్టుకోవాలన్నారు. అలా టీచరు ముందు సీట్లోకి వెళ్లింది. నేను పాటల పుస్తకాల కట్టలు, డోలక్, మురుకుల డబ్బా ఉన్న వెనక సీట్లో పెద్దమ్మ పక్కన సర్దుకున్నాను.

"ఏందమ్మగారూ, మా దిక్కొచ్చిండ్రు? సీటు పోయిందా?"

"పోలేదు పెద్దమ్మా. గాలి తగుల్తదని వచ్చిన."

"అవ్, ఈ డోలక్ సందుల మస్తు గాలి!"

ఆమె తమాషాకే అంది. నేను కిటికీ వైపు తిరిగాను. ముందు సీట్లోంచి ప్రార్థన మొదలైంది. టీచరు చక్కగా చేసింది. అడవిలో ఎదురయ్యే పశువుల కోసం, బొగ్గు లారీలు నడిపేవాళ్ల కోసం, మేం చేరే గుంపులో పొయ్యి దగ్గర ఉన్న ఆడవాళ్ల కోసం కూడా అడిగింది. నాకు ఆ ఆడవాళ్లు ఎప్పుడూ గుర్తుకు రాలేదు. ఆయన "ఆమేన్" అన్నారు, తాళం తిప్పారు. ఆ రెండు చప్పుళ్లూ వెనక సీటు నుంచి వింటే వేరేగా ఉంటాయి.

నేను వాక్యంలో పెరిగినదాన్ని. అసూయ గురించి ఎవరికైనా నిలబెట్టి బోధించగలను. ఆ నెల స్త్రీల కూడికలో నాకు వచ్చిన పాఠం కూడా అదే. బైబిల్లో అన్న తమ్ముణ్ణి చంపి పొలంలో మొదటి రక్తం కార్చింది దానివల్లేనని చెప్పాను, అందరూ తలలూపారు, టీచరు కన్నీళ్లు కూడా పెట్టుకుంది. ఇంటికి వచ్చి అన్నం వండుతూ నాలో నేను వాదించుకున్నాను. దేవుడు కూడా తన ప్రజల విషయంలో రోషపడతాడని చిన్నప్పటి నుంచి వింటున్నాను. తనది కానిదాని మీద కన్ను వేస్తే అసూయ. తనదైనదాని కోసం మండితే రోషం. ఆ సీటు నాది, కాబట్టి నాది రోషమే. అలా తేల్చుకున్నాక కాసేపు హాయిగా ఉండేది. మళ్లీ బండిలో "సరేనమ్మా" వినబడేది. రోషం అయితే కడుపులో అంత చిన్నగా, అంత పుల్లగా ఎందుకుంటుందో తెలిసేది కాదు.

మణుగూరు అవతల ఒక గుంపులో కొత్తగా ప్రార్థన పందిరి వేసుకున్నారు. దాన్ని ప్రతిష్ఠించడానికి మమ్మల్ని రమ్మన్నారు. టీచరు ముందు సీట్లో, నేనూ పెద్దమ్మా వెనక. కాలనీ దాటి అడవి మొదలయ్యే చోట సిగ్నల్ పోయింది. ఇప్పుడు ఆ గొంతు ఆగిపోతుందని ఎదురు చూశాను. ఆగలేదు. అడవి పటమంతా ముందే దించి ఉంది కదా. "నేరుగా వెళ్లండి" అంది.

నేరుగానే వెళ్లాం. నాకు తెలిసిన రోడ్డే అది. ఇక్కడ మలుపు, తర్వాత కల్వర్టు, తర్వాత ఇప్పచెట్లు అని నేను లోపల చెప్పుకోవడం, ఆ గొంతు బయటికి చెప్పడం. ప్రతిసారీ నాకంటే ఒక క్షణం ముందు అదే చెప్పేది. నా నోట్లో మాట ఎవరో లాక్కుంటున్నట్టు ఉంది.

ఇప్పచెట్లు దాటగానే రోడ్డు లేదు. ఎదురుగా మట్టి గుట్ట. గనిలోంచి తవ్వి పోసిన మట్టి, కొండంత ఎత్తు, దాని మీద అప్పుడే మొలిచిన తుమ్మ మొక్కలు. ఆయన బ్రేకు వేశారు.

"నేరుగా వెళ్లండి" అంది గొంతు.

టీచరు ఫోన్‌ను దగ్గరికి, దూరానికి జరిపి చూసింది. చుక్క సరిగానే ఉంది, బాణం సరిగానే ఉంది. పటంలో రోడ్డు గుట్ట మధ్యలోంచి సాఫీగా పోతోంది.

"మ్యాప్ పాతదున్నట్టుంది అయ్యగారూ" అంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

నాకు సంతోషం పొంగింది, దాచను. ఆయన అద్దంలోంచి నన్ను చూశారు. ఎన్నాళ్లకో చూశారు. "నువ్వు చెప్పు. నీకు తెలుసుగా, ఎటు వెళ్లాలి?"

ఎదురుచూసిన మాట అది. నోరు తెరిచాను. నాకు తెలిసిన రోడ్డు కూడా ఆ గుట్ట కిందే ఉంది. ఆ గుంపుకు వేరే దారి నాకు తెలియదు.

"నేను కూడా ఇటే చెప్పేదాన్ని" అన్నాను.

"నేరుగా వెళ్లండి" అని మళ్లీ అంది ఆ గొంతు. ఈసారి దాని మీద కోపం రాలేదు. నేను కూడా అలాగే, లేని రోడ్డు మీదికి అంత ధైర్యంగా పంపేదాన్ని.

"ఇద్దరూ ఇద్దరే" అంది పెద్దమ్మ, మురుకు కొరుకుతూ.

ఇంతలో వెనక నుంచి, షిఫ్టు దిగి ఇంటికి పోతున్న మనిషి ఒకాయన బైకు ఆపాడు.

"ఏడికి పోవాలె? గా రోడ్డా? దాన్ని బాయి ఎప్పుడో మింగింది గదనే! ఎనక్కి పోండ్రి, నీళ్ల ట్యాంకు కాడ తినే చెయ్యి దిక్కు మలగండ్రి. కొత్త రోడ్డేసిండ్రు."

మా ఆయన స్టీరింగు మీది చేతుల వైపు చూసుకోకుండానే బండి తిప్పారు. ట్యాంకు దగ్గర ఆయన చెయ్యి దానంతటదే కుడి వైపు తిరిగింది. తిరిగాక అద్దంలో నన్ను చూసి చిన్నగా నవ్వారు. నేను కూడా నవ్వి, మళ్లీ వెంటనే ఆపేశాను. చెప్పింది నేను కాదు కదా.

పందిరి ప్రతిష్ఠ బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో ట్యాంకు దగ్గర టీచరు బండి ఆపించింది. ఆ మలుపును ఫోన్‌లో గుర్తు పెట్టుకుంటే ఇకమీదట ముందు అక్కడికి, అక్కడి నుంచి గుంపుకు అని దారి పెట్టుకోవచ్చట.

"పేరు రాయమంటుంది అమ్మగారూ. ఏం రాయాలె?"

నన్నే అడిగింది. తెలియక అడిగిందో, నా ముఖం చూసి అడిగిందో.

"తినే చెయ్యి మలుపు అని రాయి" అన్నాను.

ఆమె పకపకా నవ్వి, అలాగే రాసింది.

మరుసటి వారం ఫోన్ పెట్టుకునే స్టాండు ఒకటి తెచ్చి డాష్‌బోర్డుకు బిగించింది. "ఇగ ఎవ్వరూ పట్టుకునే పని లేదు" అని చెప్పి, నేను అడగకముందే వెనక్కి వెళ్లి డోలక్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె అంత సులువుగా వదిలేసిన సీటు కోసం నేను అన్నాళ్లు మండిపోయానా అనిపించి, ఆ సులువు మీద కూడా కుళ్లు పుట్టింది.

ముందు సీట్లో కూర్చున్నాను. మళ్లీ అదే గుంపుకు వెళ్తున్నాం. ఆయన దారి పెట్టి స్టాండులో ఫోన్ నిలబెట్టారు. నేను కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. అలవాటైన మాటలు అయ్యాక, పొయ్యి దగ్గరి ఆడవాళ్ల గురించి కూడా అడిగాను. అది టీచరు దగ్గర నేర్చుకున్నదని వెనక అందరికీ తెలుసు. ఇక ముగించబోతున్నాను, నా చివరి మాట ఇంకా నోట్లోనే ఉంది, ఫోన్ గొంతు విప్పింది.

"తినే చెయ్యి మలుపు వైపు ప్రయాణం ప్రారంభించండి."

నా మాట. మా అమ్మ మాట. ఆ గొంతులో ఎంత తియ్యగా ఉందో!

"ఆమేన్" అన్నారాయన, తాళం తిప్పారు.

వెనక పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. ఆ ఆమేన్ ఎవరికని ఆయన్ను అడగాలని మణుగూరు దాకా నాలుక చివర ఉంది. అడగలేదు. అడిగితే ఆయన నిజమే చెబుతారు.